కంప వేసిన వాటా

సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి రేణుక చేతికొచ్చిన తాళంచెవి, పదింబావుకల్లా మళ్ళీ ఇంటివాళ్ళ చేతికే వెళ్ళిపోయింది.

గది బాగానే ఉంది. కంకిపాడు సెంటరుకి నాలుగు సందుల అవతల, డాబా మీద ఒంటి గది, పక్కన చిన్న వంటిల్లు, కిటికీలోంచి చూస్తే కొబ్బరిమట్టలు. తెల్లారగట్ల ఈపూరుపాలెంలో బయల్దేరి, చీరాలలో రైలెక్కి, విజయవాడలో దిగి, బందరు బస్సు పట్టుకుని వచ్చిన మనిషికి అంతకంటే ఏం కావాలి? కంకిపాడులో కొత్తగా పెట్టిన ఇరవై మగ్గాల షెడ్డులో ఆమెకి పదకొండు నెలల పని. అయిపోయిన పడుగు కొసలకి కొత్త పడుగు అతకడంలో ఆమె చేతికి పేరుంది. ఆ పని అక్కడి ఆడవాళ్ళకి నేర్పాలి. షెడ్డు సూపర్‌వైజరు రాంబాబు గది తనే మాట్లాడి ఉంచాడు.

ఇంటావిడ కొళాయి తిప్పి చూపించింది. మోటారు ఏ వేళకి వేస్తారో చెప్పింది. తాళంచెవి చేతిలో పెట్టి, మెట్లు దిగబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

“మీవారు ఎప్పుడొస్తారండీ?”

“లేరండి,” అంది రేణుక.

“అయ్యో పాపం. చిన్న వయసే. ఎన్నాళ్ళయింది?”

“పోవడం కాదండి. నేను పెళ్ళి చేసుకోలేదు.”

ఇంటావిడ ముఖంలో పుట్టిన జాలి పుట్టినచోటే ఆగిపోయింది. “మరి రాంబాబు గారు ఫ్యామిలీ అన్నారే?”

“ఫ్యామిలీ మనిషి అనుంటాడండి.”

ఇంటావిడ మూడు మెట్లు మళ్ళీ ఎక్కి పైకొచ్చింది. “ఏమనుకోకమ్మా. ఆ తాళంచెవి ఒకసారి ఇలా ఇయ్యి. మావారు భోజనానికొస్తారు. ఒక్కమాట అడిగి చెబుతాను.”

అడిగి చెప్పడం అంటే ఏమిటో ముప్ఫై తొమ్మిదేళ్ళ రేణుకకి ఎప్పట్నుంచో తెలుసు. సంచి భుజానికి తగిలించుకుని, పెట్టె పట్టుకుని మెట్లు దిగింది. వీధి గేటు దగ్గర ముసురు మొదలైంది.

షెడ్డులో రాంబాబు మొహం చూపించలేక రిజిస్టరులో తల దూర్చాడు. “నేను అంతదూరం ఆలోచించలేదు మేడం. మిమ్మల్ని చూస్తే ఇస్తారనుకున్నా.”

“చూసే ఇచ్చారు. విన్నాక తీసుకున్నారు,” అని రేణుక పెట్టె మూలన పెట్టి పనిలో కూచుంది.

మొదటి మగ్గం అమలమ్మది. ఏభై దాటిన మనిషి, నేతలో ఆరితేరింది గానీ అతుకు పని ఎప్పుడూ వేరేవాళ్ళ చేతే చేయించుకుంది. రేణుక పోగుల్ని వరసగా పట్టి ఉంచే అచ్చు వెనక్కి చేరి, మఠం వేసుకుని, పక్కన చిప్పలో బూడిద పెట్టుకుంది. పాత పడుగు కొసలు అచ్చులోంచి గడ్డంలా వేలాడుతున్నాయి. ఒక పాత పోగు, ఒక కొత్త పోగు. రెండూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, బూడిద తగిలించి, ఒక్క నలుపు ముందుకి, ఒక్క నలుపు వెనక్కి. అంతే, ముడి లేకుండా రెండూ ఒకటైపోతాయి. అలాంటివి మూడువేల పైచిలుకు. మధ్యలో ఒక్కటి తప్పితే ఆ వెనకవన్నీ తప్పుతాయి.

“నీ వేళ్ళు మాట్లాడుకుంటున్నట్టున్నాయే,” అంది అమలమ్మ.

“అవేం మాట్లాడుకుంటాయ్ పిన్నీ, ఎక్కడ పడుకుందామా అనే,” అంది రేణుక.

సాయంత్రం బస్సెక్కి విజయవాడ వచ్చింది. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో కౌంటరు మనిషి ఆధారు కార్డు తిప్పి తిప్పి చూసి, వెనక్కి నెట్టాడు.

“సింగిల్ లేడీస్‌కి ఇవ్వమండి.”

“ఎందుకని?”

“మీ మంచికే. ఒంటరిగా వచ్చి, తలుపేసుకుని, ఏదో ఒకటి చేసుకుంటారు. తర్వాత పోలీసులు మా చుట్టూ తిరుగుతారు.”

“నేను పడుకోడానికొచ్చానండి.”

“అందరూ అదే చెబుతారు,” అన్నాడతను, మర్యాదగానే.

రెండో లాడ్జిలోనూ అదే మాట, కాకపోతే అంత మర్యాద లేదు. చివరికి ఒక ఆటో అతను పటమటలో లేడీస్ హాస్టల్ ముందు దింపాడు. వార్డెను స్టెల్లా బొద్దుగా, మెళ్ళో విజిలు తగిలించుకుని ఉంది. కోచింగు పిల్లలకి తప్ప ఇవ్వమంటూనే రేణుక పెట్టె వైపు చూసి, మొహం వైపు చూసి, “శనివారం దాకా ఒక మంచం ఖాళీ ఉంది. ఆదివారం కొత్త బ్యాచి దిగుతుంది. అప్పుడు నన్ను బతిమాలకూడదు,” అంది.

“బతిమాలను,” అని మాటిచ్చింది రేణుక.

ఆ గదిలో ఆరుగురు పిల్లలు. ఆమెని ఆంటీ అన్నారు, ఫోను చార్జరు పెట్టుకోడానికి ప్లగ్గు ఇచ్చారు, ఒకమ్మాయి దిండు కూడా ఇచ్చింది. అయితే ఒకళ్ళు పన్నెండింటి దాకా పైకి చదువుతారు, ఇంకొకళ్ళు మూడింటికి అలారం పెట్టుకుని లేవరు. అలారం మాత్రం రేణుకని లేపేస్తుంది. నెత్తిన ఫ్యాను తిరిగినంతసేపూ టకటకమంటుంది, ఆగితే దోమలు. మంగళవారం బస్సులో నిలబడే కునికింది. బుధవారం మధ్యాహ్నానికి, పనిలో చేరిన పద్ధెనిమిదేళ్ళలో జరగనిది జరిగింది. ఒక పోగు తప్పింది. అది తెలిసేసరికి దాని వెనక నాలుగొందలు అతికేసింది.

అమలమ్మ చూసి, లేచి వెళ్ళి టీ తెచ్చి పెట్టింది. రేణుక ఆ నాలుగొందలూ ఒక్కొక్కటిగా విడదీస్తూ కూచుంది. అతకడం కంటే విప్పడం కష్టం, పోగు చివర పీచులేచి చిట్లిపోతుంది. రాంబాబు వెనకాలే వచ్చి నిలబడ్డాడు.

“మేడం, ఓనరు గారు అడుగుతున్నారు. ఎక్కడో ఒకచోట స్థిరంగా ఇల్లు చూసుకుంటేనే కంటిన్యూ చేద్దాం అంటున్నారు. రోజూ ఇలా నిద్ర లేకుండా వస్తే పని జరగదని. సోమవారం లోపల ఏదో ఒకటి…”

“చూస్తాను,” అంది రేణుక, తల ఎత్తకుండా.

ఆ సాయంత్రమే స్టెల్లా చెప్పగా బ్రోకరు ఉమామహేశ్ వచ్చాడు. తెల్లచొక్కా, చెవిలో బ్లూటూతు. పటమటలో అతనికి తెలియని గేటు లేదట. ఒక అపార్టుమెంటు కింద స్కూటరాపి, గొంతు తగ్గించాడు.

“మేడం, మీరు ఒక్కరే అని చెప్పొద్దు. మీవారు బయట ఉద్యోగం అందాం. ఊరికే, అడ్వాన్సు ఇచ్చేదాకా.”

“ఇచ్చాక?”

“ఇచ్చాక ఎవరు అడుగుతారండీ.”

రేణుకకి అబద్ధం ఆడటం ఇష్టం లేదు. నిద్ర లేని కళ్ళకి ఇష్టాయిష్టాలు అంత స్పష్టంగా కనబడవు. సరేనంది.

ఇంటి ఓనరు రిటైరైన మనిషి, చాప కుర్చీలో కూచుని కాగితం మీద ప్రశ్నలు రాసుకుని ఉన్నాడు. మాంసం వండుతారా? చుట్టాలు ఎక్కువా? నీళ్ళు ఎన్ని బక్కెట్లు? ఏమనుకోకండి గానీ, మీరేమిట్లు? మగ్గం ఇంట్లో పెడతారా? పెట్టనంది. “మీవారు?” అన్నాడు చివరికి.

“కువైట్‌లో ఉంటారండి,” అంది రేణుక.

ఓనరు కళ్ళజోడు తీసి ఉమామహేశ్ వైపు చూశాడు. “నువ్వు ఫోనులో మిలిటరీ అన్నావు కదయ్యా?”

ఉమామహేశ్ ఒక్క క్షణం ఆలోచించి, “అంటే అండీ, మన మిలిటరీని కువైట్‌కి పంపించారు,” అన్నాడు.

రేణుకకి నవ్వాగలేదు. వారంలో అదే మొదటి నవ్వు. ఓనరు నవ్వలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెట్లు దిగుతూ ఉమామహేశ్, “మీరు నవ్వకపోతే అయిపోయేది మేడం,” అని నిష్ఠూరమాడాడు. రేణుక హాస్టలుదాకా నడిచే వచ్చింది. ఇంకో అబద్ధం ఆడక్కర్లేదన్న మాట తలుచుకుంటే మాత్రం ఒళ్ళు కొంచెం తేలికపడింది.

శుక్రవారం మధ్యాహ్నం వాన గట్టిగా పట్టుకుంది. షెడ్డు ముందు రోడ్డు మీద నీళ్ళు నిలిచాయి. భోజనానికి బయటకెళ్ళిన రేణుక, నీళ్ళు తప్పించుకుంటూ పక్కసందులోంచి తిరిగొస్తుంటే ఒక పెంకుటిల్లు కనబడింది. ముందు పెద్ద వాటాలో మనుషులున్నారు, అరుగు మీద బట్టలారేసి ఉన్నాయి. పక్కన విడిగా, సొంత గుమ్మంతో, చిన్న వాటా. రెండు కిటికీలు, ఒక వేపచెట్టు, చెట్టు కింద నూతిపళ్ళెం. దాని తలుపు మూసి ఉంది. గుమ్మానికి అడ్డంగా ఎండిపోయిన రేగుకంప. వానకి తడిసి నల్లబడింది.

షెడ్డుకొచ్చి అమలమ్మని అడిగింది.

“రత్తయ్య గారి ఇల్లది,” అంది అమలమ్మ, అటూ ఇటూ ఆడిస్తున్న నాడె ఆపి. “పక్కవాటాలో వెంకటప్పయ్యని టైలరు ఉండేవాడు. వెనకాముందూ ఎవరూ లేరు. ఫాల్గుణంలో పోయాడు. నక్షత్రం మంచిది కాదని గుమ్మానికి కంప వేసి ఆరునెలలు మూసేశారు. భాద్రపదం దాకా ఎవరూ అడుగు పెట్టరు. ఆ తర్వాత కూడా ఎవరు దిగుతార్లే, ఊళ్ళో అందరికీ తెలుసు.”

“నాకు తెలీదుగా.”

“ఇప్పుడు తెలిసిందిగా,” అంది అమలమ్మ. “నీకు భయం లేదుటే?”

రేణుక వేళ్ళకంటిన బూడిద తుడుచుకుంది. “నక్షత్రం కంటే నాకు ఆ అలారం ఎక్కువ భయం పిన్నీ.”

*

శనివారం షెడ్డు ఒంటిపూట. వాన తెరిపిచ్చింది. రత్తయ్య అరుగు మీద పాత న్యూసుపేపరు పరుచుకుని, పొలానికి మందుకొట్టే స్ప్రేయరు విప్పుతున్నాడు. అరవై ఐదేళ్ళ మనిషి, నల్లగా, ఎముకలు బలంగా ఉన్నాయి. వాషర్లు, నాజిలు, స్ప్రింగులు ఊడదీసి వరసగా పేర్చాడు. రేణుక గేటు బయట నిలబడి తను ఎవరో, ఏ పని మీద వచ్చిందో చెప్పింది.

“అది అద్దెకివ్వడం లేదమ్మా,” అన్నాడాయన నాజిల్లోకి ఊదుతూ.

“కంప సంగతి తెలుసండి. తెలిసే వచ్చాను.”

ఆయన తలెత్తి చూశాడు. లోపల్నుంచి ఆయన భార్య శివపార్వతి చీపురు చేత్తోనే గుమ్మంలోకి వచ్చింది. “తెలిసి ఎలా అడుగుతున్నారమ్మా? అందులో ఉంటే మీకేమన్నా అయితే మాకు పాపం. పైగా ఆషాఢం. కొత్తింట్లో దిగే నెలా ఇది?”

“నేను ఒక్కదాన్నేనండి,” అంది రేణుక. ఈసారి ముందే చెప్పెయ్యాలనుకుంది. “పెళ్ళి చేసుకోలేదు. నేతపని. మాంసం వండుతాను, ఆదివారాలు. చుట్టాలు రారు. ఈ సోమవారం లోపల ఇల్లు దొరక్కపోతే పని పోతుంది. రేపు పొద్దున్న హాస్టలు మంచం కూడా పోతుంది. ఆషాఢం చూసుకునే వీలు లేదండి నాకు.”

శివపార్వతి భర్త వైపు చూసింది. రత్తయ్య ఒక వాషరు తీసుకుని పంచె కొసతో తుడిచాడు. తుడిచినదే తుడిచాడు.

“లోపలికి రామ్మా. ఇలా కూచో,” అని అరుగు మీద చోటు చూపించాడు. “నక్షత్రం సంగతి అందరూ చెబుతారు. ఇంకోటుంది. అది నేను చెప్పాలి. విన్నాక నువ్వే చూసుకో.”

“ఇప్పుడవన్నీ ఎందుకండీ,” అంది శివపార్వతి నెమ్మదిగా.

“ఉండేది ఆవిడ,” అన్నాడాయన.

రేణుక కూచుంది.

“వెంకటప్పయ్య తొమ్మిదేళ్ళున్నాడు అందులో. మా ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టాడు. ఫాల్గుణంలో జబ్బు చేసింది. ఆస్పత్రికి తిప్పాం, లాభం లేదని ఇంటికి పంపేశారు. పదిరోజులు మంచం మీదే ఉన్నాడు. చివరి రోజు పొద్దున్న ఊపిరి అందడం లేదు. పంతులు గారిని అడిగితే వేళ బాగాలేదు, ఇంట్లో పోతే ఆరునెలలు మూసుకోవాల్సొస్తుంది అన్నారు. ముందువాటా కూడా కలిసే ఉంది కదా, మీరూ బయటకి పోవాలి అన్నారు కొందరు. చుట్టుపక్కలవాళ్ళు నలుగురూ చేరి, బయటకి దించెయ్యండి, గొడవుండదు అన్నారు. వెనకాల గేదెల పాకలో చోటు చేశాం.”

ఆయన చేతులు ఆగిపోయాయి.

“ఎవరు మోశారండీ?” అంది రేణుక.

“ఇంకొకతను తలవైపు పట్టుకున్నాడు. నేను కాళ్ళవైపు.”

“ఆయనకి తెలివి ఉందా?”

“ఉంది. ఎక్కడికి రత్తయ్య గారూ, అన్నాడు. ఆస్పత్రికి, అన్నాను. అయితే చెప్పులియ్యండి, అన్నాడు.”

“ఇచ్చారా?”

“లేదు.” ఆయన కింద పేర్చిన వాషర్లకేసి చూస్తూ చెప్పాడు. “గుమ్మం దాటుతుంటే పోయాడు. సగం లోపల, సగం బయట. ఇంట్లో పోయినట్టా కాదా అని పంతులు గారు చాలాసేపు ఆలోచించి, ఎందుకైనా మంచిదని ఆ వాటావరకు కంప వేయించారు. మనిషిని దించి, ఇల్లూ దక్కించుకోలేదు. ఆరునెలలు గడిచాక ఇమ్మని ఇద్దరు ముగ్గురు అడిగారు. వాళ్ళకి నక్షత్రం సంగతి చాలు. ఇది చెప్పబోతే, ఇప్పుడెందుకులెండి అన్నారు. ఇది చెప్పకుండా ఎవరికీ ఇవ్వకూడదనుకున్నాను.” చేతిలో వాషరు కింద పెట్టి, “అడగాల్సిందేమన్నా ఉంటే అడుగమ్మా,” అన్నాడు.

వారం రోజులుగా అందరూ ఆమెని అడిగినవాళ్ళే. అడుగమన్న మనిషి ఇతనొక్కడే. కానీ రేణుకకి ముందొచ్చింది కోపం. లేచి, అరుగు దిగి, పక్కవాటా దగ్గరకి నడిచింది. కంప సందుల్లోంచి గడప కనబడుతోంది. పసుపు వెలిసిపోయి, మధ్యలో అరిగి, మామూలు గడప. దాని మీద ఒక మనిషి చెప్పుల్లేకుండా, అబద్ధం విని వెళ్ళిపోయాడు. తను ఎన్ని ఊళ్ళలో, ఎన్ని అద్దె గదుల్లో ఒక్కతీ జ్వరాలు పడి లేచిందో గుర్తొచ్చింది. ఆ ఇంటివాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. కాఫీ ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళల్లో ఎవరు కాళ్ళవైపు పట్టుకునేవాళ్ళో ఎవరికి తెలుసు? ఈయన పట్టుకున్నాడు, ఆ సంగతి ఒప్పుకుంటున్నాడు.

వేపచెట్టు మీదనుంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కా రాలుతున్నాయి. అలా ఎంతసేపు నిలబడిందో, శివపార్వతి వచ్చి పక్కన నిలబడే దాకా తెలియలేదు.

రేణుక అరుగు దగ్గరికి తిరిగొచ్చింది. “ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు షరతులు పెడతారు కదండీ. నేనొకటి పెడతాను.”

“చెప్పమ్మా.”

“పదకొండు నెలలు ఉంటాను. నాకు జ్వరమొచ్చినా, ఇంకేదొచ్చినా, ఎవరేం చెప్పినా, ఏ నక్షత్రమైనా, నన్ను ఆ గదిలోంచి కదపకూడదు. మంచం మీదే ఉండనివ్వాలి. ఎక్కడికని నేను అడిగితే నిజం చెప్పాలి. ఈ మాట ఇస్తే దిగుతాను.”

రత్తయ్య అరుగు మీంచి లేచి నిలబడ్డాడు, పెద్దవాళ్ళెవరో వచ్చినప్పుడు లేచినట్టు.

“మాటిస్తున్నానమ్మా.”

“నేనూ ఇస్తున్నాను,” అంది శివపార్వతి. కొంగుతో మొహం తుడుచుకుంది. “ఆ పొద్దున్న నేను అడ్డం పడలేదు. పాక ఊడ్చింది నేనే.”

ఆ తర్వాత శివపార్వతి, “అన్నం తిన్నారా?” అని అడిగింది. తినలేదని రేణుక చెప్పింది. లోపల గోంగూర పప్పు ఉంది.

*

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి రత్తయ్య పంగలకర్ర తెచ్చుకుని కంప లాగడం మొదలుపెట్టాడు. కూలీ మనిషిని పిలుస్తానని రేణుక అంటే శివపార్వతి వద్దంది, ఆయనా వద్దన్నాడు. నాలుగు నెలల వానకీ ఎండకీ కంప ఒకదాంట్లో ఒకటి అల్లుకుపోయి, ఒక పట్టాన రాలేదు. రెండుసార్లు చేతికి గుచ్చుకుంది. ఎదురింటివాళ్ళు గేటు దగ్గరికొచ్చి చూశారు. ఒకాయన, “భాద్రపదం రాలేదు కదా రత్తయ్యా,” అన్నాడు. రత్తయ్య వినిపించుకోలేదు. ఇంకొకాయన కాసేపు చూసి, లుంగీ ఎగ్గట్టి వచ్చి, రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి కంపని పెరట్లోకి ఈడ్చారు.

తలుపు తీస్తే ముక్కిన వాసన కొట్టింది. కిటికీలు బిగుసుకుపోయి ఉంటే రేణుక అరచేత్తో చరిచి తెరిచింది. లోపల మంచం, ఒక గూడు, గోడకి ఆనించి కుట్టుమిషను, దాని మీద దుప్పటి. రత్తయ్య గుమ్మం బయటే నిలబడి, “ఆ మిషను తీయించేస్తానమ్మా,” అన్నాడు.

“ఉండనివ్వండి. నాకు కుట్టడం వచ్చు.”

బక్కెట్లతో నీళ్ళు తెచ్చి నేల కడిగారు, రేణుకా శివపార్వతీ. శివపార్వతి మంచం కింద దాకా వంగి కడిగింది. గోడ మీద బల్లుల్ని తోలింది, నీళ్ళు గుమ్మం వైపు తోసి, గడప దగ్గరికొచ్చేసరికి చీపురు పక్కన పెట్టి, కొంచెం నీళ్ళు చేత్తో పోసి, చేత్తోనే రుద్దింది. పసుపు రాసింది. పదకొండింటికి నేల ఆరింది. అమలమ్మ టిఫిను క్యారియరులో కోడికూర పంపించింది, “ఆదివారం కదా” అని కబురుతో సహా. స్టెల్లా ఫోను చేసి ఇల్లు దొరికిందా అని అడిగి, దొరికిందంటే, “మంచిది. బతిమాలలేదు నువ్వు,” అని పెట్టేసింది.

అన్నం తిని, చాప పరిచి, రేణుక ఒక్క పది నిమిషాలు నడుం వాల్చుదామనుకుంది. రెండు కిటికీల్లోంచీ గాలి. వేపాకుల నీడ గోడ మీద కదులుతోంది. తలుపు దగ్గరికి వేసింది గానీ గడియ పెట్టలేదు. పెట్టాలనుకుంటూనే నిద్రపోయింది.

మెలకువ వచ్చేసరికి ఎండ పడమటి కిటికీలోకి దిగింది. ఎక్కడున్నానో ఒక్క క్షణం తెలియలేదు. నెత్తిన ఫ్యాను టకటకమనడం లేదు, ఎవరూ పైకి చదవడం లేదు. మొహం మీద చాప గుర్తులు వేళ్ళకి తగిలాయి. అంత గాఢంగా ఎన్నాళ్ళకి పడుకుందో. లేవబుద్ధి కాక అలాగే కళ్ళు మూసుకుని ఉంటే, బయట గేటు చప్పుడైంది. ఎవరో ఆడగొంతు.

“ఎవరో దిగారట కదండీ పక్కవాటాలో?”

“అవును. రేణుక గారని,” రత్తయ్య గొంతు. “షెడ్డులో పని.”

“వాళ్ళాయన ఏం చేస్తాడు?”

“నేనడగలేదు,” అన్నాడు రత్తయ్య. “గేటు మెల్లగా వెయ్యండి. ఆవిడ పడుకున్నారు.”

గేటు చప్పుడు కాకుండా పడింది. రేణుక అటు తిరిగి పడుకుంది. ఇంకో గంట నిద్రపోయింది.